ఎడమకు తిరిగిన ముడి

రాజోలిల మగ్గాలోళ్ల గేరిల కురుమూర్తి బిడ్డ సుమనంత బుద్ధిమంతురాలు ఇంకోతి లేదని పేరు. ఆరేండ్ల పిల్ల. తండ్రి మగ్గం గుంటల కూసోని నేస్తుంటే, పక్కన గుంజ దగ్గర పీట మీద కూసుంటది. కదలదు. ఈగ వాలితే చేత్తోని కొట్టుకుంటది గానీ కాలు తియ్యదు. చీరెలు చూడనీకె వచ్చిన గద్వాల సేటు సుత ఆ పిల్ల దిక్కు చూసి, "ఏం పెంచినవయ్యా కురుమూర్తీ! మా ఇంట్ల ఉన్నయి కోతులు" అనేటోడు. ఆ మాట పడ్డనాడు కురుమూర్తి చేతిల అడ్డపోగు నేసే నాడె ఇంకింత ఉషారుగ ఉరికేది.

సేటుకు కనబడనిది ఒకటి ఉండె. పిల్ల కాలి పట్టీ పైన ఒక నూలు పోగు. ఒక్కటే. ఒక కొస కాలికి, ఇంకో కొస మగ్గం గుంజకు. గట్టిగ తుమ్మితే తెగేటంత సన్నం. తాడుతోని కట్టేస్తే పశువును కట్టేసినట్టు అయితది, తను అంత మూర్ఖుడు గాదని కురుమూర్తి లెక్క. పోగు పిల్లను ఆపది, పిల్లనే తనను తాను ఆపుకోవాలె. బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కోంగనే కట్టుడు, దీపాలు పెట్టే యాళ్లకు కోసేసుడు. ఆదివారమయితే పొద్దంత. నడుమ తెగిందంటే వీపు పగిలేది.

పిల్లది ఎడమచేతి వాటం. అన్నం ఎడమచేత్తోనే, బలపం ఎడమచేత్తోనే. వేళ్ల మీద కొట్టి కొట్టి అది సుత మాన్పిచ్చిండు. ఇప్పుడు కంచం ముందట కూసుంటే ఎవరూ చెప్పకుండనే ఎడమచెయ్యి వీపు వెనక దాసుకుంటది. "చూసినవా, దారికొచ్చింది" అని కురుమూర్తి భార్యకు చూపిస్తే, వసంత కంచంల పప్పు పోసి లోపలికి పోయేది. వసంతది రాయచూరు దిక్కు. కోపమొచ్చినా భయమేసినా పుట్టింటి మాట నోటికొస్తది. కురుమూర్తి చెయ్యి లేపిననాడు "బ్యాడ, బ్యాడ" అనుకుంట నడుమకొచ్చేది. వద్దు వద్దని. ఆయన వింటే గద.

"రాత్రి పక్క తడుపుతుంది, గోర్లు కొరుక్కొని రక్తం తీసుకుంటుంది. జర మెల్లగ చెప్పరాదూ" అని ఒకనాడు అన్నది.

"అది భయం గాదే, బద్ధకం. మెల్లగ చెప్తే ఏమయితదో నన్ను చూడు. ముందటనే కూసున్న గద."

ఆ మాటల ఆయన బతుకంత ఉండె. కురుమూర్తి తండ్రి పెద్దయ్య మెతక మనిషి. కొడుకు బడికి పోయిన అంటే పోయిండనుకునేటోడు. కురుమూర్తి తుంగభద్ర ఒడ్డుకు పోయి పొద్దంత చేపలు పట్టి, పొద్దుగూకంగ పలక చంకల పెట్టుకొని ఇంటికొచ్చేది. "బడి మంచిగున్నదా బిడ్డా?" అని ముసలాయన అడిగేది. "మంచిగున్నది" అనేది. అంతే. ఐదో తరగతిల బడి పట్టీల పేరు కొట్టేసిండ్రు. తోటి పిల్లలు ఒకడు సారయిండు, ఇంకొకడు కండక్టరయి ఆత్మకూరు బస్సుల టికెట్లు కొడుతుండు. కురుమూర్తి గుంటల కాళ్లు పెట్టుకొని సేటు చెప్పిన రంగు నేస్తుండు. మా నాయిన ఒక్కనాడన్న నా అబద్ధం పట్టుకొని చెంప పగలగొట్టుంటే నేను గిట్ల ఉండకపోదును అని ఆయన మంట. నమ్మిన తండ్రి తనను మోసం చేసినట్టే లెక్క ఆయనకు. ముసలాయన సచ్చిపోయి శానా ఏండ్లయింది, ఆ కోపం మాత్రం సావలే.

అందుకే రెండు పట్టుకున్నడు. బిడ్డకు బడి తప్పొద్దు. బిడ్డ నోట తన ముందట అబద్ధం రావొద్దు. ఇగ ఈ బతుకుల ఆయనకు కావల్సింది వేరే లేదు.

కార్తీకంల ఒకనాడు మధ్యాహ్నం బడి నుంచి కబురొచ్చింది. కురుమూర్తి నాడె ఆడనే పెట్టి ఉరికిండు.

బడి వరండాల బస్టాండు కాడ హోటలు నడిపే వెంకట్రాములు నిలబడి ఉండె. ఆయన చంకల ఐదేండ్ల చిన్న కొడుకు, నుదుటికి తెల్లపట్టీ. అప్పుడే దవాఖానల కుట్లు వేయించుకొని వచ్చిండ్రు.

"కురుమూర్తిగారూ, ఇట్ల రండి" అని సరోజ టీచరమ్మ లోపల ఒక బల్ల చూపించింది. బల్ల కాలుకు ఒక నూలు పోగు ముక్క వేలాడుతుండె. "నేను పిల్లలకు అన్నం పెట్టిస్తున్నాను. ఆ సందులో ఎవరో బాబు కాలును ఈ బల్లకు కట్టేశారు. వాడు లేచాడు, దారం తెగింది. తెగినందుకు పలక అంచుతో నుదుటి మీద కొట్టారు. అది మీ పాపే అని బాబు అంటున్నాడు."

"నా బిడ్డనా?" కురుమూర్తికి నవ్వొచ్చింది. "గేరిల ఎవర్నన్న అడుగుండ్రి మేడం, నా బిడ్డ ఎట్లాంటిదో."

"గేరి ముచ్చట నాకెందుకన్న" అన్నడు వెంకట్రాములు. "నా కొడుకేమన్న కుక్కపిల్లనా కట్టేయనీకె?"

గోడకు ఆనుకొని సుమన నిలబడి ఉండె. కురుమూర్తి దగ్గరికి పోయిండు. "నువ్వు కట్టినవా?"

పిల్ల ఆయన మొఖం దిక్కు చూడలే. చేతుల దిక్కు చూసింది. "లేదు నాయినా. రాజు కట్టిండు."

రాజు అంటే ఎంకమ్మ మనుమడు. తల్లిదండ్రులు పూణె దిక్కు బిల్డింగుల పనికి పోయిండ్రు, ముసల్దాని దగ్గర వదిలిపోయిండ్రు. చింపిరి అంగీ, చేతిల ఎప్పుడూ రాయి. ఏ కిటికీ పగిలినా మొదలు వాని పేరే వచ్చేది. "నేను గాదు, నా దగ్గర దారమే లేదు" అని వాడు మొత్తుకుండు. దెబ్బ తిన్న పిల్లగాన్ని మల్ల అడిగితే, కురుమూర్తి దిక్కు చూసి తండ్రి భుజంల మొఖం దాసుకుండు.

"విన్నరు గద" అన్నడు కురుమూర్తి. "నా బిడ్డ నా ముందట అబద్ధం ఆడదు. ఆడిందని తేలితే, నా మగ్గం మీద ఒట్టు, నేను మల్ల నాడె ముట్ట."

మగ్గం మీద ఒట్టు అంటే ఆ ఊళ్లె ఆడుకునే మాట గాదు. వెంకట్రాములు ఆ ఒట్టు నమ్మిండు. పోయి రాజు చెంప మీద ఒకటి పీకిండు. వాని రెక్క పట్టుకొని ఎంకమ్మ ఇంటి దాక గుంజుకపోయిండు. ముసల్ది మరునాటి నుంచి వాన్ని బడికి పంపలే. "నాకు ఈ లొల్లి పడదు. వచ్చే ఆదివారం పూణె పోయే మేస్త్రి ఎంబడి వాని తల్లి దగ్గరికే తోలిస్త" అన్నదని గేరిల అనుకున్నరు.

బడి నుంచి వచ్చేటప్పుడు కురుమూర్తి ఆ బల్ల కాలుకున్న పోగును ముడితోనే జార్చి తీసి జేబుల వేసుకుండు. ఎందుకంటే ఏం చెప్తడు? పోగు కనబడితే పారేసే అలవాటు ఆ చేతులకు లేదు.

రెండు దినాలయింది. పొద్దుగూకే యాళ్లయితుంది. చాయ తాగొచ్చి బీడీ కోసం జేబుల చెయ్యి పెడితే పోగు దొరికింది. వేళ్ల నడుమ సాపు చేసుకుంట ఉంటే ముడి తగిలింది.

ఆయన వేళ్లు ఆగిపోయినయి.

మామూలు ముడి గాదది. పడుగుల, అంటే నిలువు పోగులల్ల, ఒకటి తెగితే నేసేటోళ్లు అతికే ముడి. ఆవగింజంత ఉంటది, గుంజినా జారది, దువ్వెనోలె ఉండే మగ్గం అచ్చుల ఇరుకు సందుల నుంచి తట్టుకోకుండ పోతది. కురుమూర్తికే పన్నెండేండ్ల ఈడు దాక కుదరలే. మట్టి పని చేసేటోళ్ల పిల్లగాడు రాజు, వానికి ఈ ముడి ఎట్లొస్తది?

దీపం దగ్గరికి పెట్టి చూసిండు. ముడి ఎడమకు తిరిగి ఉంది. కుడిచేత్తోని కట్టినోళ్లది కుడికి వాలుతది. ఆయనది కుడికే, వసంతది కుడికే.

పక్కకు చూసిండు. సుమన పీట మీద కూసుంది, కదలకుండ, చేతులు ఒళ్లె పెట్టుకొని. చాయకు పోయేటప్పుడు ఆయన కట్టిపోయిన పోగు గుంజకు అట్లనే ఉంది. వంగి ఆ ముడి చూసిండు. ఎడమకు తిరిగి ఉంది.

గుంజ మీద పాత ముళ్లు ఉండె. రోజూ పోగు కోసేస్తడు గానీ గుంజకున్న ముడి ఎన్నడూ తియ్యలే. నెలల సంది పేరుకున్న ముళ్లు, జొన్నకంకి మీద గింజలోలె. గోరుతోని ఒక్కొక్కటి తిప్పి చూసిండు. ఒకటి కుడికి. ఇంకోటి ఎడమకు. ఎడమకు. కుడికి. ఎడమకు, ఎడమకు. లెక్క తెలిసింది, తను ఇంట్ల ఉన్న దినాలవి కుడికి. తను చాయకో సేటు దగ్గరికో గుడికో పోయిన దినాలవన్నీ ఎడమకు.

గడపల కూసోని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న వసంత దగ్గరికి వచ్చిండు.

"నీకు తెల్సా?"

వసంత రాట్నం ఆపలే. "తెల్సు."

"ఎన్నడి సంది?"

"నువ్వు మొన్న ఎండాకాలం గద్వాలకు పోయిన దినం సంది. విప్పుకొని పోయి బాయి కాడ ఆడుకొని వచ్చింది. నువ్వు వచ్చేయాళ్లకు కట్టుకొని కూసుంది."

"ఇంట్ల ఇద్దరు కలిసి నన్ను గుడ్డోన్ని చేసిండ్రు. అంతే గద?"

"నిన్నెవరు చేసిండ్రు?" వసంత ఇప్పుడు రాట్నం ఆపింది. "అది గిన్నె పగలగొట్టి నేనే అని చెప్పిననాడు కొట్టినవ్. నేను గాదు అన్ననాడు కొట్టినవ్. నిజానికీ దెబ్బనే, అబద్ధానికీ దెబ్బనే. ఇగ ఆ పిల్ల నీ చేతులు చూసి మాట్లాడుతుంది. చెయ్యి లేవని మాట ఏదో దాన్నే చెప్తుంది. నీకు కనబడలే, నాకు కనబడ్డది."

వేరే దినమయితే వసంతకు ఆ మాటకు దెబ్బ పడేదే. ఆ దినం కురుమూర్తికి చెయ్యి రాలే. పోయి బిడ్డ ముందట కింద కూసుండు. ఎన్నడూ అట్ల కింద కూసున్న మనిషి గాదు. పిల్ల బిర్రబిగుసుకుంది.

"బిడ్డా, నిన్ను ఏమన. మగ్గం మీద ఒట్టు. ఎవరు కట్టిండ్రు చెప్పు."

పిల్ల ఆయన చేతులు చూసింది. ఆయన రెండు చేతులు వీపు వెనక పెట్టుకుండు. పిల్లకు అది వింతగ తోచింది కావచ్చు, మొఖం లేపి చూసింది.

"నేనే నాయినా."

"వెంకట్రాములు కొడుకును?"

"నేనే. కదలొద్దన్న. వాడు కదిలిండు. పోగు తెగింది." పిల్ల మల్ల తనే అన్నది. "తెగితే కొట్టాలె గద?"

కురుమూర్తికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. జేబుల నుంచి ముడి తీసి, గుంజ మీద తన ముడి పక్కన పెట్టి చూపించిండు.

"చూడు. నాది గిట్ల కుడికి తిరిగింది. నీది ఎడమకు. అందుకే దొరికినవ్. ఎవరు నేర్పిండ్రే నీకు?"

"ఎవరూ నేర్పలే. నువ్వు కడుతుంటే చూసిన."

"ఇంత చిన్న వేళ్లతోని!" అనేసిండు, తనకు తెల్వకుండనే. "నాకే ఇంత సఫాయిగ రాలేదు గదనే."

సుమన నవ్వింది. ముందు పన్ను ఊడి ఉంది, ఆ సందుల నుంచి నాలుక కొస కనబడింది. ఆ పన్ను ఎప్పుడు ఊడిందో కురుమూర్తికి తెల్వదు.

ఆ రాత్రి పిల్ల పక్క తడపలే.

మరునాడు పొద్దుగాల కురుమూర్తి తయారయిండు. ఒట్టు పెట్టి ఒక దిక్కులేని పిల్లగాన్ని ముంచిండు. ఆదివారం పూణె బస్సు ఎక్కక ముందే విప్పాలె. "నేను పక్కనే ఉంట బిడ్డా. ఎవరూ నిన్ను ముట్టుకోరు. నేనే కట్టిన అని చెప్పు, చాలు" అన్నడు. పిల్ల తలకాయ ఊపింది. తొవ్వ పొడుగునా ఆయన వేలు పట్టుకొని నడిసింది. ఎడమచేత్తోని పట్టుకుంది, ఆయన చూసీ ఏమనలే.

ఎంకమ్మను రమ్మని కబురు పంపిచ్చిండు. ఆమె రాజును పట్టుకొని వచ్చింది. వెంకట్రాములు హోటలు ఇడిసిపెట్టి వచ్చిండు. సరోజ టీచరమ్మ వరండాలకు కుర్చీ తెచ్చి వేసింది. అమ్మానాయినలతోని వచ్చిన పిల్లలు నలుగురు చుట్టూ మూగిండ్రు.

"చెప్పు బిడ్డా" అన్నడు కురుమూర్తి.

"నేనే కట్టిన. రాజు కట్టలే" అన్నది సుమన. ఎంకమ్మ కొంగు నోట్లె కుక్కుకుంది.

"మంచిది. నిజం చెప్పావ్" అన్నది టీచరమ్మ. "ఎందుకు కట్టావమ్మా?"

"కదలొద్దని."

"ఎవరు నేర్పించారు అట్ల?"

తను చెప్పుమన్న మాట అయిపోయింది గదా, ఇగ చాలు అనుకుండు కురుమూర్తి. పిల్లకు మాత్రం ఆ దినం చెప్తే ఏం గాదని ఒట్టు ఉంది. అడిగినయన్నీ చెప్పింది.

"మా నాయిన. నాయిన నన్ను గిట్లనే గుంజకు కడతడు. తెగితే కొడతడు. ఎడమచేత్తోని తింటే వేళ్ల మీద కొడతడు. పక్క తడిపితే ఆ తడిబట్ట నా మొఖం మీద వేస్తడు."

చుట్టూ మూగిన తల్లులు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు.

వెంకట్రాములు చప్పట్లు కొట్టి నవ్విండు. "ఓహో! గిదా కురుమూర్తన్న పెంపకం! గేరి గేరంత నెత్తి మీద పెట్టుకుంటిరి గదనే. మగ్గం మీద ఒట్టట, ఒట్టు! ఇగ నాడె ఎప్పుడు పారేస్తున్నవ్, చెప్పు, మా హోటల్ల గిలాసలు కడగనీకె మనిషి లేడు."

"కొడుకా" అన్నది ఎంకమ్మ, "నా మనుమనికి అడిగేటోడు లేడనే గద నువ్వు..."

కురుమూర్తికి చెవులు మూసుకపోయినయి. ఇంటి మాట. తన ఇంటి మాట. తను నమ్మి, వేలు పట్టుకొని తెచ్చిన బిడ్డ, నలుగుట్ల తన బట్టలిప్పి నిలబెట్టింది. ముడి మాట చెప్పుమంటే మొత్తం చెప్పింది. తండ్రి మోసం చేసిండు, పెండ్లాం మోసం చేసింది, ఇగ ఇదొక్కటి మిగిలింది అనుకుంటే...

చెయ్యి లేసింది. పడ్డది.

సుమన ఏడ్వలే. ఆయన చేతిని చూసింది, మల్ల ఆయన మొఖాన్ని చూసింది, మల్ల చేతిని చూసింది. పిల్ల ఎడమచెయ్యి తనంత తనే వీపు వెనకకు పోయింది.

టీచరమ్మ లేచి పిల్లను తన దిక్కు గుంజుకుంది. "పాపను రోజూ బడికి పంపండి కురుమూర్తిగారూ, నేను చూసుకుంటాను. మీరు మాత్రం ఈ గేటు దాటి లోపలికి రావద్దు."

బడి దక్కింది. రాజు ఆ దినమే పలక పట్టుకొని తన జాగల కూసుండు. వెంకట్రాములు హోటలుకు పోయి వచ్చిన ప్రతి గిరాకీకి ఈ ముచ్చట చెప్పిండు, చాయ చల్లారిపోయేదాక చెప్పిండు.

మధ్యాహ్నం కురుమూర్తి కత్తి తీసుకొని గుంజ మీది ముళ్లన్నీ గీకిండు. కుడివి, ఎడమవి, అన్నీ. పొయ్యిల వేస్తే చిటపట అని కాలి, ఇంత కమురు వాసన వచ్చి పోయినయి. బిడ్డ బడి నుంచి వచ్చినంక, "ఇయ్యాల్టి నుంచి కట్టుడు లేదు. పో, బాయి కాడికి పోయి ఆడుకో" అన్నడు. గొంతు మెత్తగనే పెట్టిండు. పిల్ల "సరే నాయినా" అన్నది. పిల్ల ముందట నిలబడలేక ఆయన చాయకని బయటికి పోయిండు. వెంకట్రాములు హోటలు దిక్కు పోలేక గేరి చివర దాక నడిసి వచ్చిండు.

వచ్చేటప్పటికి సుమన పీట మీద కూసోని ఉంది. చేతులు ఒళ్లె పెట్టుకొని. కాలికి పోగు. పోగు గుంజకు.

కురుమూర్తి దగ్గరికి వచ్చి వంగిండు. ముడి ఆవగింజంత, సఫాయిగ. కుడికి తిరిగి ఉంది.

"ఎవరు కట్టిండ్రు బిడ్డా?"

"నువ్వే నాయినా."

"నేను కట్టలే గదనే. ఆడుకో పో అన్న గద."

"నువ్వే కట్టినవ్" అన్నది పిల్ల. "చాయకు పోయేటప్పుడు." కండ్లు ఆయన చేతుల మీదనే ఉన్నయి. గొంతుల భయం లేదు, బెదురు లేదు. బడిల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

మల్ల ముడి చూసిండు. తన ముడే అది. పక్కన పెట్టుకొని పోల్చనీకె గుంజ మీద పాతయి ఒక్కటీ లేవు, మధ్యాహ్నం తనే కాల్చిండు. ఒక్క గడియ ఆయనకే అనుమానమొచ్చింది, పోయేటప్పుడు చెయ్యి అలవాటుకు కట్టిందా ఏంది అని.

"వసంతా, నువ్వు చూసినవా?"

గడపల రాట్నం తిరుగుతనే ఉంది. "నేనేం చూడలే" అన్నది వసంత.

దీపం పెట్టే యాళ్లయింది. సేటు చీరె సగంల ఉంది. కురుమూర్తి గుంటల కాళ్లు పెట్టిండు. పక్కన పిల్ల కదలలే. మెల్లగ చెయ్యి చాపి నాడె తీసుకుండు.